మొటిమలకు మ్రింగెడి మందు



నేటి సాయంకాలము నేను ప్రసంగింపబోవు విషయము చాల చిన్నదని కొందఱు పెద్దలు తలంపవచ్చును. తెలుగుపండితుడు రేడియోలో మొటిమలను గుఱించి ముచ్చటించుటయా యని నవ్వువారును ఉందురు. సుశ్రుతాచార్యుడు మాత్రము నవ్వలేదు. ఆయన నిదానస్థానమున పదుమూడవ అధ్యాయములో క్షుద్రరోగములను వర్ణించుచు, యౌవనవంతుల ముఖమున పుట్టు ఈ పిటకములకు ముఖదూషిక యని పేరు పెట్టి, వాని రూపమును బూరుగుచెట్టు ముండ్లతో పోల్చి, కఫ వాత రక్తములు వానికి కారణములని చెప్పెను. బూరుగుముల్లు చూచినవారికి ఆ పోలిక యెంత సరియైనదో తెలియును: అడుగు వెడల్పు, కొన సన్నము. క్షుద్రమను మాటకు అచ్చట చిన్నదని యర్థమే కాని తిరస్కరింపదగినదని యర్థము కాదు. పదునాఱేండ్ల పిల్లకు అద్దములో కనబడునది చిన్నదియు కాదు.

నేను ముప్పది యైదేండ్లు ఉన్నతపాఠశాలలో తెలుగు చెప్పితిని. పద్యము నోటికి వచ్చియు లేచి చదువని బాలురను, ఎడమచెంపకు పుస్తకము అడ్డము పెట్టుకొని కూర్చుండు బాలికలను ప్రతి తరగతిలోను చూచితిని. వారికి పాఠము రాకపోవుట కారణము కాదు. నలువదిమంది కన్నులు తమ మొగముమీదికి తిరుగునని వారి బెంగ. అట్టి పిల్లవానిని చూచి, తోటివాడు 'బూరెలమూకుడు' అని పేరు పెట్టగా తరగతి యంతయు నవ్విన దినము నాకింకను జ్ఞాపకమున్నది.

నేను వైద్యుడను కాను. అయినను ఉద్యోగవిరమణము తరువాత మా యింటికి వచ్చిపోవు పూర్వశిష్యులలోను, బంధువుల పిల్లలలోను మొటిమలకై నోటిమందు పుచ్చుకొన్నవారు పదిమందికి పైగా కనబడిరి. వారిని కూర్చుండబెట్టి, ఏమి మ్రింగితిరి, ఎన్నాళ్లు మ్రింగితిరి, ఏమయినది అని అడిగి వ్రాసికొంటిని. ఒక గ్రంథమునకు పది తాళపత్రప్రతులు దొరకినప్పుడు పాఠములను సరిచూచుట మాబోటివారికి అలవాటు. వీరి యనుభవములును అట్లే యుండెను. కథ ఒకటే, పాఠాంతరములు వేఱు. ఆ వ్రాతను నేనెఱిగిన యొక చర్మవైద్యుని యెదుట చదివి, ఆయన విడమరచి చెప్పిన దానితో చేర్చి మీకు మనవి చేయుచున్నాను.

మొదట మొటిమ పుట్టు విధము చెప్పవలయును. మన చర్మమున రోమకూపము ప్రక్కను చిన్న తైలగ్రంథి యొకటి కలదు. యౌవనారంభమున శరీరములోని పురుషలక్షణ రసములు హెచ్చును. ఇవి స్త్రీలయందును కొంచెముగా నుండును. అంతట ఆ గ్రంథి నూనెను మిక్కిలిగా స్రవించును. రంధ్రపు మొగమున చర్మపు పొలుసులు బిగిసికొని బిరడావలె నిలుచును. లోపల నిలిచిన నూనెలో, సామాన్యముగా మన చర్మముమీదనే కాపురముండు క్యూటీబాక్టీరియం ఆక్నిస్ అను సూక్ష్మజీవి వృద్ధిపొందును. దానిమీదికి శరీరము దండెత్తగా ఎఱుపు, వాపు, నొప్పి, చీము కలుగును. నూనె, బిరడా, సూక్ష్మజీవి, తాపము అను ఈ నాలుగు కారణములలో, మ్రింగెడి యాంటీబయాటిక్ మందు చివరి రెంటిని మాత్రమే అణచును. మొదటి రెంటి జోలికి పోదు. ఈ సంగతి మనస్సున నుంచుకొన్నచో పిల్లలు నాతో చెప్పిన సుఖదుఃఖములు చాలవఱకు తేటపడును.

ఈ మందుల వంశావళి తెలుగువారు వినదగినది. 1895లో భీమవరమున జన్మించి, మదరాసులో వైద్యము చదివి, అమెరికాకు పోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అచ్చట లెడర్లీ పరిశోధనశాలకు అధ్యక్షులైరి. ఆయన క్రింద బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రవేత్త పనిచేయుచుండెను. ఈ డగ్గరు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో ఉపాధ్యాయుడుగా నుండి, డెబ్బది దాటిన పిమ్మట విరమించి, ఇంటియొద్ద కూర్చుండక ఈ శాలలో చేరినవాడు. నావంటి విరామోపాధ్యాయునకు ఈ కథ చెప్పుటలో కొంత సంతోషమున్నదని దాచను. దేశదేశముల మట్టిని తెప్పించి, అందలి సూక్ష్మజీవులను పెంచి పరీక్షించుచుండగా, 1945లో మిస్సోరి రాష్ట్రపు పొలములోని మట్టినుండి వచ్చిన యొక జీవి బంగారువన్నె పదార్థమును స్రవించుట డగ్గరు కనిపెట్టెను. లాటిను భాషలో ఆరియస్ అనగా బంగారువన్నె గలది. కావున దానికి ఆరియోమైసిన్ అని పేరిడిరి. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరమే ఆగస్టు నెలలో సుబ్బారావుగారు స్వర్గస్థులైరి. ఆరియోమైసిన్ నుండి టెట్రాసైక్లిన్, అదే కుదురునుండి డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ మొదలగునవి పుట్టినవి. డాక్సీసైక్లిన్ 1967లో వాడుకకు వచ్చెను. నేడు మొటిమలకు మ్రింగించు మందులలో తఱచు కనబడునది ఇదియే. పెద్దపిల్లలకు దినమునకు 100 మిల్లీగ్రాములు సామాన్యముగా ఇచ్చు మోతాదు.

ఇందొక విశేషము కలదు. సూక్ష్మజీవులను చంపజాలనంత స్వల్పముగా ఇచ్చినను డాక్సీసైక్లిన్ తాపమును కొంత అణచునని వైద్యులు కనుగొనిరి. అనగా మొటిమలయందు దీని పని యంతయు క్రిమిసంహారము కాదు. పగులబోవు పుండునకు చల్లదనము చేయుట కూడ దాని పనియే. మొటిమ అంటురోగము కాదు, మురికివలన వచ్చినదియు కాదు. పదేపదే సబ్బుతో తోముకొని చెంపలు మండించుకొన్నవారు నా పట్టికలో నలుగురున్నారు.

ఇక అనుభవములకు వత్తును. మా దౌహిత్రి ఇంటర్మీడియెట్ చదువుచున్న కాలమున, రెండు చెంపలమీదను గడ్డముమీదను ఎఱ్ఱని గట్టి మొటిమలు లేచినవి. వైద్యురాలు ఉదయము మ్రింగుటకు ఒక గుళికయు, రాత్రి పూయుటకు ఒక లేపనమును, స్నానవేళ పూసి కడుగుకొనుటకు మఱియొక లేపనమును ఇచ్చెను. ఇరువది దినములు గడచినవో లేదో పిల్ల నాయొద్దకు వచ్చి, "తాతయ్యా, ఇరవై మాత్రలు మింగాను. నిన్న గడ్డంమీద మళ్లీ రెండు లేచాయి. ఈ మందు నాకు పడదు," అని కన్నీరు పెట్టుకొన్నది. ఈ మాటనే, ఇంచుమించుగా ఇదే దినసంఖ్యతో, తక్కినవారిలో ఏడుగురు నాతో చెప్పిరి. వారిలో ముగ్గురు ఆ దినముననే మందు మానివేసిరి.

ఎందువలన నిట్లగును? నేడు పైకి కనబడు మొటిమ నేడు పుట్టినది కాదు. కంటికి కనబడని బిరడాగా అది కొన్ని వారముల క్రిందటనే లోపల నేర్పడియున్నది. మందు మొదలుపెట్టు నాటికి కడుపులో నున్నవి పుట్టకమానవు. నాలుగు మొదలు ఎనిమిది వారములకు మార్పు తెలియ నారంభించును. పండ్రెండు వారములు చూచిన పిమ్మటగాని మందు పనిచేసినది లేనిది తేల్చరాదు. పెనిసిలిను సూదితో మూడు దినములలో జ్వరము దిగుట చూచిన మన జనులకు, యాంటీబయాటిక్ అను పేరు వినగానే మూడు దినముల యాశ కలుగుట సహజము. మందు వ్రాయునపుడు వైద్యుడు "మూడు నెలలు" అను మాటను గట్టిగా చెప్పినచో సగము మంది మధ్యలో మానరని నా యనుమానము. ఆసుపత్రులలోని రద్దీలో ఆ మాట చెప్పుటకు తీఱిక యుండదు కాబోలు.

మా పిల్లకు నేను చెప్పినది ఒక్కటే. గంటకొకసారి అద్దము చూచుట మాని, నెలకొకసారి ఒకే కిటికీయొద్ద, ఒకే వేళను ఛాయాచిత్రము తీయించుకొమ్మంటిని. అద్దము నిన్నటిని చూపదు. రెండవ నెల చిత్రమును మొదటిదాని ప్రక్కను పెట్టి, తానే వ్రేలితో లెక్కించి, ఎడమచెంపమీద పదునాలుగు ఉన్నవి ఆఱు అయినవని చెప్పెను. ఆ దినమునుండి మందువేళ ఎవరును గుర్తుచేయ నక్కఱ లేకపోయెను.

దీనికి సరిగా ఎదురైన యనుభవము ఒక పూర్వశిష్యునిది. అతనికి మొటిమలు మూడు నెలలకు తగ్గినవి. అయినను నల్లని మచ్చలు మిగిలినవి. పెండ్లిచూపులు దగ్గఱపడినందున ఆ మచ్చలు పోవునని గుళికలు మ్రింగుచునే యుండెను. నాయొద్దకు వచ్చునప్పటికి ఎనిమిది నెలలు. "మాస్టారూ, మందు మొదట పనిచేసింది, ఇప్పుడు మొరాయించింది," అనెను. మన చామనచాయ చర్మమున తాపము కలిగిన చోటెల్ల నలుపు మిగులును. అది కొన్ని నెలలకు, ఒక్కొక్కచో ఏడాదికి పైగా, తనంతట తానే క్షీణించును. ఎండ సోకిన మఱింత నిలుచును. యాంటీబయాటిక్ దానిని చెఱుపజాలదు. మొటిమ వేఱు, మచ్చ వేఱు, గుంట వేఱు. వ్రేలితో తడిమి చూచినచో గట్టిగా తగులునది మొటిమ. నునుపుగా నుండి రంగు మాత్రము మాఱినది మచ్చ. పల్లముగా నున్నది గుంట. అతని మొగమును పగటి వెలుతురులో చూడగా తగులునది యొక్కటియు లేదు. వైద్యుని యొద్దకు పంపితిని. ఆయన గుళికను ఆనాడే మాన్పించి, ఎండకు తాళు లేపనమును, రాత్రి పూతను మాత్రము ఉంచెను.

గుళిక మ్రింగు విధమును గుఱించి ఒకరును సరిగా చెప్పినవారు లేరు. వైద్యుడు చెప్పలేదో, చెప్పినను వీరు వినలేదో. ఒక విద్యార్థి వసతిగృహములో పండుకొనబోవుచు, గ్రుక్కెడు నీటితో గుళిక వేసికొని నడుము వాల్చెను. నడిరేయి ఱొమ్మునడుమ ముల్లు గ్రుచ్చినట్లు నొప్పి. తెల్లవారి గంజి మ్రింగుటయు కష్టమైనది. గుండెజబ్బని తండ్రి భయపడి కారు మాటలాడుకొని పట్టణమునకు కొనిపోయెను. గుళిక అన్ననాళములోనే అంటుకొని కరగి అచ్చట పుండు చేసినదని తేలినది. డాక్సీసైక్లిన్ నకు ఈ దుర్గుణము కలదు. కావున నిండు లోటాడు నీటితో, నిలుచుండియో కూర్చుండియో మ్రింగవలయును. పిమ్మట అరగంటయైనను నడుము వాల్చరాదు. పండుకొనబోవువేళ కంటె ఉదయపు ఫలాహారము తరువాతి వేళ మేలు. వట్టికడుపున వికారము పుట్టునని అయిదుగురు చెప్పిరి. రెండిడ్డెనలు తిన్న తరువాత వేసికొనగా పోయినదనియు వారే చెప్పిరి. ఇనుము మాత్రలు, సున్నపుమాత్రలు, కడుపుమంటకు పుచ్చుకొను మందులు ఈ గుళికను పట్టుకొని రక్తములో చేరనీయవు. పాఠశాలలలో బాలికలకు వారమున కొకసారి ఇనుము మాత్ర ఇచ్చుట కలదు కదా. ఆ దినమున రెంటికిని నడుమ కొన్ని గంటలు ఎడముండవలయును. పాలు కూడ గుళికతో కలిపి త్రాగకుండుట మంచిది.

ఎండమాట వేఱుగ చెప్పవలయును. ఏలననగా ఈ మందును గుఱించి చలిదేశములలో వ్రాసిన పుస్తకములకు రోహిణీకార్తె తెలియదు. గోదావరి లంకలలో పుచ్చతోట కాపున్న యొక యువకుడు ఈ గుళికలు వాడుచు పదిదినములు ఎండలో తిరుగగా ముక్కు, చెవులకొనలు, చేతులవెనుకభాగము కమలి బొబ్బలెత్తినవి. నల్లని శరీరము, ఎండకు పుట్టి పెరిగినవాడు. ఎన్నడును ఎండకు కమలి యెఱుగడు. మందు చర్మమును ఎండకు లొంగజేయును. గొడుగు, తలపాగ, పొడుగుచేతుల చొక్కా, ఎండపూత ఇవి వలయును. పొలము పనివారికి వేసవిలో ఈ మందు తగునా యని వైద్యుని అడిగి తీఱవలయును.

ఆడపిల్లలు సిగ్గుచే చెప్పని బాధ యొకటి కలదు. యాంటీబయాటిక్ మేలుచేయు సూక్ష్మజీవులను కూడ తగ్గించుటచే జననేంద్రియమున దురదయు తెల్లని స్రావమును కొందఱికి కలుగును. ఇది నయమగునదే. తల్లితోనో వైద్యురాలితోనో చెప్పినచో రెండుమూడు దినముల చికిత్సతో పోవును. దాచినచో నెలలు బాధించును. గర్భవతులు ఈ జాతి మందును పుచ్చుకొనరాదు. ఎనిమిదేండ్లలోపు పిల్లల పండ్లకు శాశ్వతముగా రంగు పట్టించును గావున వారికి మొటిమలవంటి వానికై ఇయ్యరు. మినోసైక్లిన్ కొందఱికి తల త్రిప్పుటయు, దీర్ఘకాలము వాడిన యెడల చర్మమున నీలిబూడిద వన్నెయు కలిగించును. ఏ గుళికతోనైనను తీవ్రమైన తలనొప్పియు కన్నులు మసకలు గ్రమ్ముటయు కలిగినచో, ఒంటిపై దద్దు లేచి జ్వరము వచ్చినచో, మందు మాని అదేదినమున వైద్యుని చూడవలయును. ఇట్టివి అరుదు. అరుదుగా వచ్చునది తన యింటికే వచ్చినపుడు అరుదని యూఱట పొందలేము గదా.

ఇప్పుడు నాకు మిక్కిలి ఆందోళన కలిగించిన యనుభవము. ఒక పూర్వవిద్యార్థి, ఇప్పుడు ముప్పది యేండ్లవాడు, తన జేబుసంచిలోనుండి మడతలయందు చినిగిన వైద్యుని చీటి నొకదానిని తీసి చూపెను. మూడేండ్లనాటిది. ఆ చీటితోనే, తఱచుగా చీటి లేకయే, మొటిమ లేచినప్పుడెల్ల మందుల దుకాణమున పది గుళికలు కొని, తగ్గగానే మాని, మఱల లేవగానే కొనుచు మూడేండ్లు గడపెను. పూతమందులు జిడ్డని మొదటి నెలలోనే పాఱవైచెను. మొదట వారమునకే గుణమిచ్చిన గుళిక ఇప్పుడు నెలకును ఇయ్యకున్నది. ఎట్లు ఇచ్చును? నూనెయు బిరడాయు ఉన్నచోటనే యున్నవి. బిరడాను మాన్పునది రాత్రిపూటి అడాపలీన్ వంటి లేపనము, దానిని పాఱవైచెను. సూక్ష్మజీవులలో బలహీనములు చచ్చి, మందునకు లొంగనివి మిగిలి సంతానమును పెంచినవి. ఇది మొగమునకే పరిమితముగా నుండిన అతని కర్మ యని యూరకుందుము. మ్రింగిన మందు దేహమంతట తిరుగును. గొంతులో, ప్రేగులలో నున్న సూక్ష్మజీవులకును అదే శిక్షణము లభించును. రేపు వానిలో నొకటి తల్లికో బిడ్డకో అంటి రోగము చేసినపుడు, తీర్పవలసిన మందు తీర్పకపోవచ్చును. ఒకని చెంపకు కొన్న గుళిక ఇంటిల్లిపాది మందుపెట్టెను ఖాళీ చేయుట యిట్లు.

ఈ కారణముచేతనే 2021లో ఇంగ్లండులోని నైస్ అను వైద్యప్రమాణసంస్థ, మొటిమలకు నోటి యాంటీబయాటిక్కును ఒంటిగా ఇయ్యవలదనియు, లేపనములతో కలిపి పండ్రెండు వారములకు ఇచ్చి పరీక్షింపవలయుననియు, విశేషకారణము లేనిదే ఆఱునెలలు దాటరాదనియు నిర్ణయించెను. 2024లో అమెరికా చర్మవైద్యుల సంఘమును ఈ మందులను వీలైనంత తక్కువ కాలము వాడుమనియు, బెంజాయిల్ పెరాక్సైడ్ అను పూతను జోడింపుమనియు చెప్పినది. ఈ బెంజాయిల్ పెరాక్సైడ్ ప్రాణవాయువును విడిచి సూక్ష్మజీవిని చంపును. దానికి ఎదురు తిరుగ నేర్చిన సూక్ష్మజీవులు కానరావు. గుళికకు లొంగనివానిని పూత పట్టుకొనును. దీని దోషము చర్మమును కొంచెము ఎండబెట్టుటయు, గుడ్డల రంగును తినివేయుటయు. మా యింట రెండు నీలపు తువాళ్లు, ఒక పూలదిండుగలీబు తెల్లమచ్చలు పడినవి; చాకలిమీద నేరము మోపబోయిన మా యింటివారికి వైద్యురాలే సంగతి చెప్పి ఆ బీదవానిని కాపాడినది. తెల్లని తువాలు వాడినచో ఈ చిక్కు లేదు.

గుళిక పనిచేయనపుడు అది మొటిమ యగునో కాదో కూడ చూడవలయును. నుదుట, వీపున ఆవగింజలవలె ఒక్కపరిమాణమున లేచి దురదపెట్టునవి బూజుజాతి సూక్ష్మజీవివలన కలుగవచ్చును. యాంటీబయాటిక్ వానిని తగ్గింపకపోగా హెచ్చించును. ఋతుక్రమము తప్పి, గడ్డమున వెండ్రుకలు మొలచుచు, మొటిమలు విడువని యువతులకు అండాశయసంబంధమైన పరీక్షలు అవసరము. మఱి తెల్లబడుటకని దుకాణములలో అమ్ము స్టిరాయిడ్ లేపనములు మొదట పదిదినములు మొగమును నిగనిగలాడించి, పిమ్మట స్వయముగా మొటిమలను, ఎఱుపును, సన్నని నెత్తురునాళములను పుట్టించును. 2018లో భారతప్రభుత్వము ఇట్టి లేపనములను వైద్యుని చీటి లేనిదే అమ్మరాని మందులలో చేర్చినది. యాంటీబయాటిక్ గుళికలు అంతకు చాల ముందునుండియే అట్టివి. వాని పట్టీమీద నిలువున నుండు ఎఱ్ఱగీతకు అర్థము అదియే. గీత యున్నది, అమ్మకమును ఉన్నది.

ఇంటివైద్యమును గుఱించి పండితుడవు నీవేమందువని అడుగుదురు. సుశ్రుతము వస, లొద్దుగ, సైంధవలవణము, ఆవాలు కలిపిన లేపమును చెప్పినది. మా తల్లిగారు జాజికాయ పాలతో అరగదీసి పూసెడివారు. నాలుగు మొటిమలకు అవి పూసికొని తృప్తిపడువారిని నేను వారింపను. అయితే బఠాణిగింజలంత గడ్డలు లోతుగా లేచి, మానినచోట గుంటలు పడుచున్న పిల్లవానిని నలుగుపిండితో ఏడాది నిలువబెట్టుట నాకు సమ్మతము కాదు. మచ్చ పోవును, గుంట పోదు. అట్టివారికి గుళికలతో కూడ కాలయాపన చేయక ఐసోట్రెటినోయిన్ అను వేఱొక మందు ఇత్తురు. అది నూనెగ్రంథినే కుదించును. గర్భస్థశిశువునకు అత్యంత హానికరము గనుక స్త్రీలయెడ మిక్కిలి జాగ్రత్తతో ఇచ్చునది, డాక్సీసైక్లిన్ తో కలిపి ఎన్నడును ఇయ్యరానిది. తండ్రులు "వయసు పొంగు, అదే పోవును" అని చెప్పుట నేను పలుమాఱులు వింటిని. నిజమే, అనేకులకు పోవును. పోవులోపల పిల్ల కళాశాల మానుకొన్నదా, పదిమందిలో భోజనమునకు రాకున్నదా, రాత్రులు నిద్రపోవుచున్నదా అని చూచినవారు ఎందఱు? నాతో మాటలాడినవారిలో ఇద్దఱు తాము బ్రదుకుటయే వ్యర్థమని తలంచిన దినములున్నవని చెప్పిరి. ఆ ఇద్దఱి తండ్రులును సజ్జనులే. అట్టి మాట వినబడినపుడు చర్మముతోపాటు మనస్సును కూడ వైద్యునికి చూపింపవలయును.

మా దౌహిత్రికి పండ్రెండు వారములు నిండినవి. వైద్యురాలు మొగము చూచి, వ్రేలితో తడిమి, గుళిక చాలునని చెప్పి రాత్రిపూటి లేపనమును కొనసాగింపుమనెను. తరువాత రెండు నెలలకు నాలుగైదు మొటిమలు మఱల లేచినవి. పిల్ల ఈమాఱు ఏడ్వలేదు, గుళికయు అడుగలేదు, పూతను తప్పక పూసికొని చూచెను, అవి అణగినవి. పెట్టెలో తొమ్మిది గుళికలు మిగిలియుండగా పొరుగింటి పిల్ల వచ్చి, "నీకు తగ్గాయి కదక్కా, అవి నాకియ్యవూ," అని అడిగినది. మావాళ్లమ్మాయి ఇయ్యలేదు. మఱునాడు తానే ఆ పిల్లను, ఆ పిల్ల తల్లిని వెంటబెట్టుకొని వైద్యురాలి యొద్దకు పోయెను. ఆ పిల్లకు ఉన్నవి నుదుట నల్లమొనలు, చెంపను మూడు చిన్న పొక్కులు. వైద్యురాలు గుళిక వ్రాయనేలేదు. రాత్రి పూసికొనుటకు ఒక లేపనము మాత్రము వ్రాసి, శనగగింజంత చాలును, మూడు నెలలు ఓపిక పట్టుమని చెప్పి పంపినది.